పాత ట్రాఫిక్ సిగ్నళ్లను స్మార్ట్‌గా మార్చాలంటే మొదట కెమెరా కాదు, క్యాబినెట్ తెరవండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. ఒకే ప్రధాన రోడ్డు మీద పన్నెండు జంక్షన్లు ఉన్నాయి. అన్నిట్లోనూ పాత టైమర్ కంట్రోలర్లే, అంటే రోడ్డు పక్క క్యాబినెట్ అనే పెట్టెలో ఉండి, పెట్టిన సెకన్ల ప్రకారం దీపాలు మార్చే పరికరాలు. ఏఐ కెమెరాలు పెడితే రద్దీని బట్టి సిగ్నల్ దానంతట అదే మారుతుందని, మిగతా సామాను అలాగే ఉంచవచ్చని ఒక సంస్థ చెప్పింది. అది నమ్మవచ్చా, ఏది ముందు మార్చాలి, ఎక్కడ దెబ్బ తగులుతుంది అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, కెమెరాలతో మొదలుపెట్టకండి. ముందు ఇప్పుడున్న టైమింగులు సరిచేయండి. తర్వాత కంట్రోలర్, కాన్‌ఫ్లిక్ట్ మానిటర్ (అడ్డొచ్చే పచ్చలు కలిసి వెలగకుండా కాపలా కాసే పరికరం), వైరింగ్, ఎర్తింగ్. ఆ తర్వాత డిటెక్టర్లు (బండ్లను గుర్తించే పరికరాలు), కమ్యూనికేషన్. ఇవన్నీ నెల రోజులు తప్పు లేకుండా నడిచాకే అడాప్టివ్ సాఫ్ట్‌వేర్, అంటే రద్దీని బట్టి సెకన్లు మార్చేది. ఈ వరసలో వెళ్తే మీకు దక్కే లాభంలో మంచి భాగం సాఫ్ట్‌వేర్ రాకముందే దక్కుతుంది. వరస తలకిందులు చేస్తే, సరిగా చూడలేని కెమెరా చెప్పిన మాట విని, గడియారం తప్పిన కంట్రోలర్, కరెంటు కారుతున్న వైర్ల మీద నిర్ణయాలు తీసుకుంటుంది.

ఒక పరిమితి ముందే చెప్పాలి. ఏ సాఫ్ట్‌వేరూ రోడ్డు సామర్థ్యాన్ని పెంచదు. ఉన్న పచ్చ సమయాన్ని మెరుగ్గా పంచుతుంది, అంతే. నాలుగు వైపులా సామర్థ్యానికి మించి బండ్లు వస్తున్న జంక్షన్‌లో పంచడానికి మిగులే ఉండదు. అక్కడ మలుపు లేన్ వేయడం, బస్ స్టాప్‌ను జంక్షన్ దాటాక పెట్టడం, స్టాప్ లైన్ దగ్గర పార్కింగ్ తీసేయడం లాంటి పనులే పనిచేస్తాయి. అడాప్టివ్ వ్యవస్థ వెలిగేది రద్దీ రోజుకో రకంగా, గంటకో రకంగా మారే చోట.

ఇప్పుడున్న టైమింగుల సంగతి

పాత టైమర్లలో సెకన్లు ఎవరో ఎప్పుడో పెట్టినవి. మధ్యలో రోడ్డు మారింది, బడి వచ్చింది, యూ టర్న్ మూసేశారు, సెకన్లు మాత్రం అవే. కాబట్టి మొదటి పని లెక్క. ప్రతి జంక్షన్‌లో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం రెండేసి గంటలు, 15 నిమిషాల ముక్కలుగా, ఒక్కో మలుపుకు విడివిడిగా బండ్లు లెక్కించాలి. వీడియో తీసి తర్వాత లెక్కించినా సరే. ఒక జాగ్రత్త ఉంది. స్టాప్ లైన్ దాటిన బండ్లను మాత్రమే లెక్కిస్తే దాటలేక వెనక నిలిచిపోయినవి లెక్కలోకి రావు. పచ్చ అయిపోయేసరికి ఎంత బారు మిగిలిందో కూడా రాసుకోవాలి, లేకపోతే అసలు డిమాండ్ తక్కువగా కనబడుతుంది.

దాంతోపాటు శాచురేషన్ ఫ్లో కొలవాలి, అంటే నిండు బారు పచ్చలో ఎంత వేగంగా ఖాళీ అవుతుందో. పచ్చ పడ్డాక మొదటి నాలుగు బండ్లను వదిలేసి, తర్వాతి బండ్ల మధ్య వ్యవధి చూడండి. నాలుగో బండి తర్వాత పన్నెండు బండ్లు 24 సెకన్లలో దాటితే సగటు వ్యవధి 2 సెకన్లు, అంటే లేన్‌కు గంటకు 1,800. లేన్లు పాటించని చోట లేన్ లెక్క పనికిరాదు. రోడ్డు మొత్తం వెడల్పును ఒకటిగా తీసుకుని, ద్విచక్ర వాహనాలను, బస్సులను కారు సమానాల్లోకి మార్చి లెక్కించండి.

సైకిల్ (అన్ని వైపులకూ ఒక్కో వంతు పచ్చ వచ్చి చుట్టు పూర్తవడానికి పట్టే సమయం) పొడవుకు బ్రిటిష్ పరిశోధకుడు వెబ్‌స్టర్ 1958లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ మంచి మొదటి అంచనా ఇస్తుంది:

సైకిల్ = (1.5 × మొత్తం వృథా సమయం + 5) ÷ (1 − వై)

ఇక్కడ వృథా సమయం అంటే ఒక వంతు నుంచి ఇంకో వంతుకు మారేటప్పుడు బండ్లు కదలని సెకన్లు. వై అంటే, ప్రతి ఫేజ్‌లో (కలిసి పచ్చ వచ్చే వైపుల వంతులో) ఎక్కువ రద్దీ ఉన్న వైపు డిమాండ్‌ను దాని శాచురేషన్ ఫ్లోతో భాగించి, అన్ని ఫేజ్‌లవీ కూడితే వచ్చేది. నాలుగు ఫేజ్‌లు, ఒక్కోదానికి 4 సెకన్ల వృథా, అంటే మొత్తం 16 సెకన్లు అనుకుందాం. నిష్పత్తులు 0.22, 0.18, 0.16, 0.14 అయితే వై 0.70. సైకిల్ 29 ÷ 0.30, సుమారు 97 సెకన్లు. అందులో 16 తీసేస్తే మిగిలిన 81 సెకన్లను నిష్పత్తి ప్రకారం పంచితే 25, 21, 19, 16 వస్తాయి.

ఇదే వై 0.90 అయితే సూత్రం 290 సెకన్లు చూపిస్తుంది. దాన్ని అక్షరాలా అమలు చేయకండి. ఆ జంక్షన్ నిండిపోయిందని, సెకన్లతో తేలదని సూత్రం చెబుతున్నట్టు లెక్క. సైకిల్‌ను రెండు నిమిషాల దగ్గర ఆపి, ఫేజ్‌లు తగ్గించే దారి చూడండి. నాలుగు ఫేజ్‌లను మూడు చేయగలిగితే, వై మారకపోయినా వృథా 16 నుంచి 12కు దిగుతుంది. పై ఉదాహరణలో 97 సెకన్ల సైకిల్ 77కు వస్తుంది. పొడవైన సైకిల్ వల్ల ఎక్కువ బండ్లు పోతాయని చాలామంది గట్టిగా నమ్ముతారు. కానీ పచ్చ 50 సెకన్లు దాటాక బారు ఖాళీ అయి బండ్లు పలచగా వస్తుంటాయి, అటు పక్క రోడ్డులో బారు పెరుగుతుంటుంది. పైగా మలుపు తిరిగే బండ్ల బారు వాటి లేన్ దాటి వెనక్కి పాకి, నేరుగా వెళ్లేవాళ్లను ఆపేస్తుంది.

పసుపు, ఆల్‌రెడ్ (అన్ని వైపులా ఎరుపు ఉండే కొద్ది సెకన్లు) సమయాల్లో రాజీ లేదు. పసుపు = 1 సెకను + వేగం ÷ (2 × 3.05), వేగం సెకనుకు మీటర్లలో. ఒక సెకను డ్రైవర్ స్పందనకు, 3.05 బ్రేకు వేస్తే వేగం తగ్గే రేటు. గంటకు 50 కిలోమీటర్లంటే 13.9, పసుపు 3.3 సెకన్లు. 60 అయితే 3.7. దిగుడు రోడ్డయితే ఇంకాస్త పెంచాలి. ఆల్‌రెడ్‌కు జంక్షన్ వెడల్పు, బండి పొడవు కలిపి వేగంతో భాగించండి. 20 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల బండి, 50 కిలోమీటర్ల వేగానికి 1.9 సెకన్లు. ఏ అడాప్టివ్ సాఫ్ట్‌వేర్‌కూ ఈ రెండు సంఖ్యలను ముట్టుకునే అధికారం ఇవ్వకూడదు.

పన్నెండూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి కాబట్టి ఆఫ్‌సెట్లే (ఒక జంక్షన్‌లో పచ్చ పడ్డాక తర్వాతిదాంట్లో ఎన్ని సెకన్లకు పడాలనే తేడా) మీకు అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇస్తాయి. కలిపి నడిపే జంక్షన్లన్నిటికీ ఒకే సైకిల్ ఉండాలి. బాగా చిన్న జంక్షన్ అయితే దానికి సగం సైకిల్ పెట్టవచ్చు. రెండు జంక్షన్ల మధ్య 450 మీటర్లు, బండ్ల వేగం గంటకు 45 కిలోమీటర్లు అయితే ప్రయాణ సమయం 36 సెకన్లు. అందరూ 36 అనే పెడతారు, తప్పు జరిగేది అక్కడే. తర్వాతి జంక్షన్‌లో పక్క రోడ్డు నుంచి వచ్చి చేరిన అయిదు బండ్లు ఇప్పటికే నిలిచి ఉంటే, అవి కదిలి ఖాళీ కావడానికి సుమారు 12 సెకన్లు కావాలి. కాబట్టి పచ్చ 36కి బదులు 24వ సెకనుకే పడాలి. లేకపోతే వెనక నుంచి వచ్చే గుంపు ప్రతిసారీ ఆ అయిదు బండ్ల వెనక బ్రేకు వేస్తుంది. సుమారు 800 మీటర్లు దాటిన దూరాల్లో గుంపు చెదిరిపోతుంది కాబట్టి కలపడం వల్ల లాభం తగ్గుతుంది. పన్నెండింటినీ ఒకే గుంపు చేయాలనే పట్టింపు వద్దు, మధ్యలో పెద్ద దూరం ఉన్న చోట రెండు గుంపులుగా విడగొట్టండి.

ఇవన్నీ పాత కంట్రోలర్లతోనే చాలావరకు చేయవచ్చు, గడియారాలు నిలకడగా ఉంటే. రోజుకు ఒక్క సెకను తప్పే గడియారం నెలలో 30 సెకన్లు జరుగుతుంది, పైన లెక్కించిన 24 సెకన్ల ఆఫ్‌సెట్‌కు అర్థం లేకుండా పోతుంది. ప్రతి క్యాబినెట్‌లో ఒక జీపీఎస్ గడియారం పెట్టడం ఈ మొత్తం పనిలో అతి చిన్నది, అతి లాభమైనది.

క్యాబినెట్ లోపల

కొత్త కంట్రోలర్ కొనేటప్పుడు అది బయటి సాఫ్ట్‌వేర్‌తో ఏ భాషలో మాట్లాడుతుందో చూడండి. ఎన్‌టీసీఐపీ 1202 లాంటి బహిరంగ ప్రమాణం పాటించేది తీసుకుంటే రేపు వేరే సంస్థ సాఫ్ట్‌వేర్ తగిలించవచ్చు. సొంత ప్రొటోకాల్‌తో వచ్చేది తీసుకుంటే కెమెరా నుంచి సర్వర్ దాకా జీవితాంతం ఆ ఒక్కరి దగ్గరే. ప్రమాణం పేరు బ్రోచర్‌లో ఉంటే చాలదు. ప్లాన్ మార్చడం, డిటెక్టర్ స్థితి చదవడం, ఫేజ్‌ను పట్టి ఉంచడం లేదా ఆపించడం, ఈ పనులను మూడో సంస్థ సాఫ్ట్‌వేర్‌తో మీ ముందు చేసి చూపించమనండి.

ఇక కాన్‌ఫ్లిక్ట్ మానిటర్. ఈ సమాధానంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. కంట్రోలర్‌తో సంబంధం లేకుండా, దీపాలకు వెళ్లే వోల్టేజీని నేరుగా చూస్తూ కూర్చునే విడి పరికరం ఇది. ఒకదానికొకటి అడ్డొచ్చే రెండు వైపులా పచ్చ కనిపిస్తే అర సెకనులోపే జంక్షన్‌ను ఫ్లాషింగ్‌లోకి (దీపాలు ఆరుతూ వెలుగుతూ హెచ్చరించే స్థితిలోకి) తోసేస్తుంది. ఏఐ అయినా, సర్వర్ అయినా, రిమోట్‌గా కూర్చున్న మనిషైనా అడగడమే చేయాలి, దీపం వెలిగించేది కంట్రోలర్, దాన్ని కాపలా కాసేది మానిటర్. ఏఐ పెట్టె రిలేలను (దీపాల స్విచ్‌లను) నేరుగా ఆడిస్తుందని ప్రతిపాదనలో ఎక్కడైనా ఉంటే ఆ కాగితం అక్కడే పక్కన పెట్టండి. 2014లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రోడ్డు సంస్థ అనుమతితో ఒక సిగ్నల్ నెట్‌వర్క్‌లోకి చొరబడి చూపించారు. రేడియో లింకుకు ఎన్‌క్రిప్షన్ లేదు, పాస్‌వర్డులు ఫ్యాక్టరీలో పెట్టినవే. దీపాలను తమ ఇష్టానికి మార్చగలిగారు. కానీ రెండు వైపులా పచ్చ ఇచ్చే ప్రమాదకర స్థితిని ఈ మానిటర్ రానివ్వదని కూడా వాళ్లే రాశారు.

మానిటర్ ఉందంటే పనిచేస్తుందని కాదు. దాని ప్రోగ్రామ్ కార్డులో ఏయే పచ్చలు కలిసి వెలగవచ్చో జంపర్లతో (చిన్న తీగ ముక్కలతో) రాసి ఉంటుంది. ఫేజ్‌లు మార్చినప్పుడు కార్డు మార్చడం మరచిపోతే రెండిట్లో ఒకటి జరుగుతుంది: న్యాయమైన జంటకే ఫ్లాషింగ్‌లోకి పోతుంది, లేదా ప్రమాదకరమైన జంటను వదిలేస్తుంది. ట్రాఫిక్ ఆపి, అడ్డొచ్చే ప్రతి జంట పచ్చకూ కావాలని వోల్టేజీ ఇచ్చి పరీక్షించాలి. ఏడాదికొకసారి మళ్లీ చేయాలి.

పాత బల్బుల స్థానంలో ఎల్ఈడీలు పెడుతుంటే ఒక చిక్కు తప్పక వస్తుంది. 300 మిల్లీమీటర్ల పాత బల్బు సుమారు 135–150 వాట్లు తాగేది, ఎల్ఈడీ 10–20 వాట్లతో సరిపెట్టుకుంటుంది. ఆదా నిజమే. కానీ దీపాన్ని వెలిగించే సాలిడ్ స్టేట్ (ఎలక్ట్రానిక్) స్విచ్ ఆపి ఉన్నప్పుడు కూడా కొన్ని మిల్లీఆంపియర్ల కరెంటు కారుతూనే ఉంటుంది. పాత ఫిలమెంటు దాన్ని మింగేసేది. ఎల్ఈడీ మింగదు, తీగ మీద వోల్టేజీ తేలుతుంది. ఫలితంగా దీపం మసగ్గా వెలుగుతుంది, లేదా మానిటర్ ఆరిన పచ్చను వెలిగినట్టు చదివి కారణం లేకుండా ఫ్లాషింగ్‌లోకి పోతుంది. రాత్రిళ్లు, వాన రోజుల్లో ఇది ఎక్కువవుతుంది, ఎందుకంటే తడిసిన పాత కేబుళ్లలో ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు లీకేజీ పెరుగుతుంది. స్విచ్ అవుట్‌పుట్‌కు లోడ్ రెసిస్టర్ తగిలించడం, ఎల్ఈడీలకు తగిన స్విచ్‌లు, మానిటర్ వాడటం, కేబుల్‌ను 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే పరికరంతో) పరీక్షించి బలహీనమైనవి మార్చడం దీనికి మందు. చాలాచోట్ల ఏం చేస్తారంటే, తరచూ ట్రిప్ అవుతోందని మానిటర్‌నే బైపాస్ చేస్తారు. అది క్షమించరాని పని. దాన్ని తీసేశాక జంక్షన్ చక్కగా నడుస్తున్నట్టే కనబడుతుంది, రెండు పచ్చలు కలిసే రోజు వరకూ.

ఎర్తింగ్ 5 ఓముల లోపు ఉండేలా చూడండి. సర్జ్ ప్రొటెక్టర్ కరెంటు లైనుకే కాదు, కెమెరాల నుంచి వచ్చే ఈథర్నెట్ తీగలకూ, బండ్లను గుర్తించడానికి రోడ్డులో పాతే లూప్ తీగలకూ పెట్టాలి. పిడుగు పడితే ఎత్తైన స్తంభం మీది కెమెరా దారిన లోపలికొచ్చి కంట్రోలర్‌ను కాల్చేస్తుంది.

బ్యాకప్ బ్యాటరీల లెక్క ఇలా వేయండి. ఎల్ఈడీలు, కంట్రోలర్, కెమెరాలు కలిపి 400 వాట్లు, నాలుగు గంటలు నడవాలి: 1,600 వాట్ అవర్లు. ఇన్వర్టర్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే 1,880. లెడ్ యాసిడ్ బ్యాటరీని 60 శాతం మించి ఖాళీ చేయకూడదనుకుంటే 3,140. 48 వోల్టుల దగ్గర అది సుమారు 65 ఆంపియర్ అవర్లు. ఎండలో క్యాబినెట్ లోపల వేడి చాలా పెరుగుతుంది, 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకూ ఈ బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. వీలుంటే బ్యాటరీలను విడి పెట్టెలో, గాలి ఆడేలా ఉంచండి.

డిటెక్టర్లు: ఏది ఎక్కడ

లూప్ పాతదే, కానీ ఇప్పటికీ నమ్మకమైనది. 1.8 మీటర్ల చదరంలో రోడ్డు కోసి, మూడు నాలుగు చుట్లు తీగ వేసి, సీలెంట్‌తో మూస్తారు. తప్పులు జరిగే చోట్లు కొన్నే. లూప్ నుంచి క్యాబినెట్ దాకా తీగ మెలిపెట్టకపోతే పక్క లూప్ సంకేతం ఇందులో దూరుతుంది. మూలలను వాలుగా కోయకపోతే తీగ అక్కడే నలిగి తెగుతుంది. సీలెంట్ పోసే ముందు గాడిని ఆరబెట్టకపోతే మొదటి వానకే ఇన్సులేషన్ పోతుంది. తీగకూ భూమికీ మధ్య ఇన్సులేషన్ 100 మెగాఓములకు పైగా చూపిస్తేనే పని తీసుకోండి. దీని అసలు శత్రువు రోడ్డు మరమ్మతు. పై పొర గీకితే లూప్ కూడా దాంతోనే పోతుంది. మీ రోడ్డుకు రెండేళ్లలో కొత్త పొర వేస్తారని తెలిస్తే లూపులు వేయకండి. బండ్లు లేన్లలో నిలబడని చోట కూడా అంతే, ద్విచక్ర వాహనం లూప్ అంచుకు బయట నిలబడితే అది లేనట్టే.

కెమెరా లేన్లతో పని లేకుండా రోడ్డు వెడల్పంతా చూస్తుంది, బారు పొడవు చెబుతుంది, బండ్ల రకాలు వేరు చేస్తుంది. అందుకే అందరికీ ఆకర్షణ. కానీ ఎత్తు చాలకపోతే ముందున్న బస్సు వెనకున్న పది బండ్లను దాచేస్తుంది. అనుభవం మీద పాటించే లెక్క, ఒక మీటరు ఎత్తుకు పది మీటర్ల దూరం. 8 మీటర్ల స్తంభం మీద పెట్టి 150 మీటర్ల బారు చూపిస్తామంటే నమ్మకండి. సూర్యుడు తలవంచే వేళ లెన్స్‌లోకి ఎండ, తడి రోడ్డు మీద హెడ్‌లైట్ల మెరుపు, చెట్టు నీడల కదలిక, గాలికి ఊగే స్తంభపు పొడవాటి చేయి, దుమ్ము, సాలెగూళ్లు, ఇవన్నీ రోజూ ఉండేవే. లెన్స్ తుడిచే పనిని నిర్వహణ ఒప్పందంలో రాయకపోతే ఏడాది తిరిగేసరికి కెమెరా సగం గుడ్డిదవుతుంది.

రాడార్‌కు చీకటి, మంచు, ఎండ పట్టవు. దూరం నుంచి వస్తున్న బండి వేగం కొలవడంలో దీన్ని మించింది లేదు. అయితే నిలిచిపోయిన బండిని కొన్ని రకాలు మరచిపోతాయి కాబట్టి స్టాప్ లైన్ కోసం తయారైన రకమే అడగండి. పాదచారులను రాత్రిపూట గుర్తించడానికి థర్మల్ కెమెరా మంచిది. మీలాంటి రోడ్డుకు నేను సూచించేది స్టాప్ లైన్ దగ్గర కెమెరా, దూరానికి రాడార్. రెండూ ఒకేసారి గుడ్డివయ్యే సందర్భాలు తక్కువ.

డిటెక్టర్‌ను పరీక్షించేటప్పుడు "కచ్చితత్వం 95 శాతం" అన్న ఒక్క సంఖ్యకు తలూపకండి. తెల్లవారుజామున, మిట్టమధ్యాహ్నం, సూర్యాస్తమయాన, వాన రాత్రి పదిహేనేసి నిమిషాలు చేతితో లెక్కించి పోల్చండి. చూడకుండా వదిలేసినవి, లేనిదాన్ని ఉన్నట్టు చెప్పినవి విడివిడిగా రాయండి. మొత్తం లెక్కలో పది శాతం తేడా వచ్చినా సైకిల్ పెద్దగా చెడదు. కానీ పక్క రోడ్డులో నిలబడ్డ ఒక్క బండిని డిటెక్టర్ చూడకపోతే ఆ మనిషికి పచ్చ ఎప్పటికీ రాదు. నాలుగైదు నిమిషాలు చూసి ఎరుపులోనే దూసుకుపోతాడు. అలాగే డిటెక్టర్ ఎప్పుడూ "బండి ఉంది" అని చెబుతూ ఇరుక్కుపోతే ఆ ఫేజ్ ప్రతిసారీ గరిష్ఠ పచ్చ తినేస్తుంది. ఈ రెండు లోపాలనూ కంట్రోలర్ తనంతట కనిపెట్టాలి. ఉదాహరణకు పగలు అరగంట పాటు ఒక్క బండీ కనబడకపోయినా, పది నిమిషాలు ఎడతెగకుండా బండి ఉన్నట్టు చూపినా ఆ డిటెక్టర్‌ను నమ్మడం మానేసి, ఆ ఫేజ్‌కు ప్రతి సైకిల్‌లో నిర్ణీత పచ్చ ఇచ్చేలా పెట్టండి.

కమ్యూనికేషన్

వీడియో అంతా కంట్రోల్ సెంటర్‌కు పంపి అక్కడ విశ్లేషించాలనే డిజైన్లు ఒద్దు. ఒక్కో కెమెరాకు సెకనుకు 2–4 మెగాబిట్లు, జంక్షన్‌కు నాలుగు కెమెరాలు, పన్నెండు జంక్షన్లు. లింకు తడబడిన ప్రతిసారీ నిర్ణయం కూడా తడబడుతుంది. విశ్లేషణ క్యాబినెట్‌లోనే జరగాలి, సెంటర్‌కు లెక్కలు, లోపాల సమాచారం మాత్రమే వెళ్లాలి. వీలైతే ఫైబర్, లేదంటే మొబైల్ డేటా, ఏదైనా వీపీఎన్ (బయటివాళ్లు చూడలేని ప్రైవేటు లింకు) లోపలే. పాస్‌వర్డులు మార్చడం, వాడని పోర్టులు మూయడం, క్యాబినెట్ తలుపు తెరిస్తే సెంటర్‌కు హెచ్చరిక రావడం, ఇవి కాగితం మీద ఉండి చేతల్లో లేనివి. పని అప్పగించే రోజున ఒక్కో పెట్టె తెరిచి చూసుకోండి.

అడాప్టివ్ వ్యవస్థలు నిజంగా ఏం చేస్తాయి

అన్నీ ఒకటి కావు. సిడ్నీలో పుట్టిన స్కాట్స్ ప్రధానంగా స్టాప్ లైన్ డిటెక్టర్ల మీద ఆధారపడి, పచ్చ ఎంత వాడకమయిందో చూసి తర్వాతి సైకిల్‌ను మారుస్తుంది. బ్రిటన్‌లో పుట్టిన స్కూట్ రోడ్డు ఎగువన ఉన్న డిటెక్టర్లతో రాబోయే గుంపును ముందే చూసి, సెకన్లను కొద్దికొద్దిగా జరుపుతుంది. పిట్స్‌బర్గ్‌లో 2012లో తొమ్మిది జంక్షన్లతో మొదలైన సర్‌ట్రాక్‌లో ప్రతి జంక్షన్ తన ప్లాన్ తానే వేసుకుని, ఎటు ఎన్ని బండ్లు వదులుతోందో పక్క జంక్షన్‌కు చెబుతుంది. మీకు ఇది ఎందుకు ముఖ్యమంటే, డిటెక్టర్ ఎక్కడ పెట్టాలనేది వ్యవస్థను బట్టి మారుతుంది. సాఫ్ట్‌వేర్ ఏదో తేల్చకుండా డిటెక్టర్లు బిగించేసి తర్వాత మళ్లీ తవ్విన ప్రాజెక్టులు తక్కువేమీ కావు. వరసలో డిటెక్టర్లు ముందని చెప్పాను, అయితే ఎంపిక మాత్రం రెండిటికీ కలిపే జరగాలి.

మెషీన్ లెర్నింగ్‌తో వచ్చే కొత్తవి సిమ్యులేషన్‌లో అద్భుతంగా కనబడతాయి. సిమ్యులేషన్‌లో ప్రతి బండీ కనబడుతుంది, ఎవరూ జంక్షన్ మధ్యలో ఆగరు. అందుకే వాటిని గట్టి హద్దుల్లో ఉంచాలి: కనీస పచ్చ, గరిష్ఠ పచ్చ, ఒక సైకిల్‌లో ఎన్ని సెకన్లకు మించి మార్చకూడదు, ఏ ఫేజ్‌నూ ఇంతకు మించి ఎదురుచూడనివ్వకూడదు. ఈ హద్దులు సాఫ్ట్‌వేర్‌లో కాక కంట్రోలర్‌లో రాసి ఉండాలి.

ఎక్కువ మార్పే ఎక్కువ తెలివి అని అనుకోవద్దు. ప్లాన్ మారినప్పుడు కొత్త ఆఫ్‌సెట్‌లోకి సర్దుకోవడానికి కంట్రోలర్‌కు రెండు మూడు సైకిళ్లు పడుతుంది, ఆ మధ్యలో పచ్చ వరస చెడిపోయే ఉంటుంది. అయిదు నిమిషాలకోసారి ప్లాన్ మార్చే వ్యవస్థ దాదాపు ఎప్పుడూ సర్దుబాటులోనే ఉంటుంది. ప్లాన్ల మధ్య దూకే పద్ధతి అయితే ఒక్కో ప్లాన్‌ను కనీసం 20–30 నిమిషాలైనా నడవనివ్వండి.

లోపం వస్తే ఎక్కడికి దిగాలో ముందే రాసుకోండి. అడాప్టివ్ సమాచారం రెండు మూడు సైకిళ్లు రాకపోతే సమయాన్ని బట్టి ఉన్న ప్లాన్‌కు. లింకు పూర్తిగా తెగితే జీపీఎస్ గడియారంతో అదే ప్లాన్ స్థానికంగా. డిటెక్టర్ పోతే ఆ ఫేజ్‌కు నిర్ణీత పచ్చ. దీపాల్లో ప్రమాదం ఉంటే ఫ్లాషింగ్. మొదట్లో టైమింగులు సరిచేయమన్నది ఇందుకు కూడా. అప్పగింత రోజున సర్వర్ కేబుల్ పీకి, కెమెరాకు గుడ్డ కప్పి, కరెంటు ఆపి, ఈ మెట్లన్నీ ఒక్కొక్కటిగా దిగుతున్నాయో లేదో కళ్లారా చూడండి.

మీ జంక్షన్లలో సెకన్లు లెక్కపెట్టే డిస్‌ప్లేలు ఉంటే వాటి సంగతి ముందే తేల్చుకోవాలి. అడాప్టివ్‌లో పచ్చ ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలియదు కాబట్టి 12 నుంచి 5కు దూకడం, 3 దగ్గర ఆగిపోవడం జరుగుతుంది. దాన్ని నమ్మి ఎరుపులో ఇంజన్ రేస్ చేసి ముందే కదిలేవాళ్లకు అది ప్రమాదం. వాహనాల డిస్‌ప్లేలు తీసేయడం మేలు. పాదచారుల కౌంట్‌డౌన్ ఉంచవచ్చు, దాటే సమయం ఎప్పుడూ స్థిరమే కనుక.

పాదచారుల విషయం ప్రతిపాదనల్లో చివరి పేజీలో ఒక వాక్యంగా ఉంటుంది. నిజానికి కనీస పచ్చను చాలాచోట్ల నిర్ణయించేది వాళ్లే. 14 మీటర్ల రోడ్డును సెకనుకు 1.07 మీటర్ల నడకతో దాటడానికి 13 సెకన్లు, బయల్దేరే సమయం ఇంకో 7, మొత్తం 20. ముసలివాళ్లు ఎక్కువగా దాటే చోట నడక 0.9 మీటర్లనే లెక్కించండి. పక్క రోడ్డులో బండ్లు లేవని అడాప్టివ్ ఆ పచ్చను 8 సెకన్లకు కోసేస్తే రోడ్డు మధ్యలో మనిషి చిక్కుకుంటాడు. ఎదురుచూపు నిమిషం దాటితే జనం సిగ్నల్ చూడటం మానేస్తారు, కాబట్టి గరిష్ఠ సైకిల్‌కు ఇది కూడా ఒక హద్దు. అంబులెన్స్ ప్రాధాన్యం పెట్టినా నియమం అదే. మొదలైన పాదచారుల సమయం, పసుపు, ఆల్‌రెడ్ పూర్తయ్యాకే దారి ఇవ్వాలి.

ఫలితం కొలవడం

ప్రధాన రోడ్డు మీద ప్రయాణ సమయం ఒక్కటే చూపిస్తే ఒప్పుకోకండి. పక్క రోడ్ల పచ్చ కోసేసి ఆ సంఖ్యను ఎవరైనా తగ్గించవచ్చు. పక్క రోడ్ల ఆలస్యం, పాదచారుల ఎదురుచూపు, మొత్తం దాటిన బండ్లు కూడా కావాలి, అవే వారాలు, అవే గంటలు, బడి సెలవులు లేని రోజుల్లో. కంట్రోలర్ ప్రతి సంఘటననూ సెకనులో పదో వంతు కచ్చితత్వంతో నమోదు చేసే రకం అయితే ఇంకా మంచిది. పచ్చ సమయంలో 80 శాతానికి పైగా సేపు స్టాప్ లైన్ డిటెక్టర్ దగ్గర బండి ఉండి, తర్వాతి ఎరుపు మొదటి అయిదు సెకన్లలోనూ 80 శాతానికి పైగా సేపు బండి ఉంటే ఆ పచ్చ చాలలేదని అర్థం. రోజుకు ఏ ఫేజ్‌లో ఎన్నిసార్లు ఇలా జరిగిందో చూస్తే తప్పు ఎక్కడుందో వీడియో చూడకుండానే తెలుస్తుంది. పోలిక చేయాల్సింది పాత, చెడిపోయిన టైమింగులతో కాదు, మీరు సరిచేసిన టైమింగులతో. పాతవాటితో పోల్చి చూపే లాభంలో ఎక్కువ భాగం సరిచేసినందుకు వచ్చినదే, సాఫ్ట్‌వేర్ వల్ల కాదు.

ప్రయోగం ఒక్క జంక్షన్‌లో పెట్టకండి. పక్కవాటితో సమన్వయం ఎలా ఉంటుందో ఒక్కదాంతో తెలియదు. పన్నెండింటిలో ఒకేసారి కూడా వద్దు. వరసగా ఉన్న మూడు తీసుకోండి, వాటిలో ఒకటి మీకు అత్యంత తలనొప్పిగా ఉన్నదై ఉండాలి, కానీ పూర్తిగా నిండిపోయినది కాకూడదు. ఒక వానాకాలం దాటేదాకా నడిపి, తర్వాతే మిగతావి.

ఆ మూడు జంక్షన్ల ఫేజ్ క్రమం, మధ్య దూరాలు, 15 నిమిషాల లెక్కలు ఇక్కడ పెడితే సైకిల్, పంపకం, ఆఫ్‌సెట్లు వేసి చూపిస్తాను. క్యాబినెట్ లోపలి ఫొటో కూడా పెట్టండి. మానిటర్ ఏ రకమో, బైపాస్ అయి ఉందో లేదో దాన్ని బట్టే చెప్పగలం.